తాళాలు తొమ్మిది, చేతులు ఎన్ని?

2022 మార్చి 23న రోనిన్ అనే బ్లాక్‌చైన్ వంతెన నుంచి రెండే రెండు లావాదేవీల్లో 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ బయటికి వెళ్లిపోయాయి. దొంగతనం బయటపడిన నాటి ధరల్లో 60 కోట్ల డాలర్లకు పైమాటే. యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆన్‌లైన్ ఆటలో జనం పెట్టిన సొమ్ము, గెలుచుకున్న సొమ్ము ఈథర్ నాణెం నడిచే ఈథీరియం చైన్ నుంచి రావాలన్నా, అక్కడికి తిరిగి పోవాలన్నా ఆ వంతెనే దారి. ఇంత పోయినా ఆరు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. 29న ఒక వినియోగదారుడు 5,000 ఈథర్ వెనక్కి తీసుకోబోతే రాలేదు. ఎందుకు రాలేదని ఆరా తీస్తే ఖజానా ఖాళీ.

క్రిప్టోగ్రఫీని ఎవరూ ఛేదించలేదు. దొంగలకు దొరికినవి అసలు తాళం చెవులే. రోనిన్‌లో లావాదేవీలను ధ్రువీకరించే వాలిడేటర్లు 9. డబ్బు కదలాలంటే అందులో 5 సంతకాలు పడాలి. కాగితం మీద చూస్తే గట్టి ఏర్పాటే. కానీ ఆ తొమ్మిదింటిలో నాలుగు ఆటను తయారుచేసిన వియత్నాం కంపెనీ స్కై మేవిస్‌వే. ఐదోది యాక్సీ డావో అనే సమూహానిది. 2021 నవంబరులో ఆటగాళ్ల తాకిడి తట్టుకోలేక కంపెనీ సాయం అడిగితే, తమ తరఫున కూడా సంతకం చేసుకోమని డావో ఆ కంపెనీకి అనుమతి ఇచ్చింది. డిసెంబరుకల్లా ఆ అవసరం తీరిపోయింది, అనుమతిని మాత్రం ఎవరూ తీసేయలేదు. ఫిషింగ్ వలలో ఒక ఉద్యోగి పడటంతో దొంగలు కంపెనీ లోపలికి వచ్చారు. నాలుగు చెవులూ ఒకే గూట్లో ఉన్నాయి, ఐదోదానికి దారి పక్కనే తెరిచి ఉంది. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పనే ఇదని మరుసటి నెలలో అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది.

గుడి హుండీకి రెండు మూడు తాళాలు వేసి, చెవులు వేర్వేరు చేతుల్లో పెట్టే పద్ధతి మనకు తెలిసిందే. అక్కడ తాళాల లెక్క ముఖ్యం కాదు, ఆ చేతులు ఒకదాని మాట ఒకటి వినేవి కాకపోవడం ముఖ్యం. మూడు చెవులూ ఒకే ఇంటి గోడకు వేలాడుతుంటే హుండీకి ఒకటే తాళం ఉన్నట్టు లెక్క. రోనిన్‌లో జరిగింది ఇదే.

బ్లాక్‌చైన్ గురించి మన దగ్గర వినిపించే చాలా ప్రసంగాల్లో వికేంద్రీకరణ అంటే కంప్యూటర్ల సంఖ్య. ఇన్ని నోడ్‌లు, ఇన్ని కేంద్రాలు, కనుక ఎవరినీ నమ్మాల్సిన పని లేదన్నట్టు మాట్లాడతారు. ఈ వాదన అసలు విషయాన్ని పక్కన పెడుతుంది. నమ్మాల్సిన అవసరం ఎక్కడికీ పోదు. బ్యాంకు మేనేజరు మీద ఉండే నమ్మకం వాలిడేటర్ల మీదికో, సాఫ్ట్‌వేర్ రాసేవారి మీదికో, తెరమీద అంకెలు చూపించే కంపెనీ మీదికో జరుగుతుంది. జరిగిన చోటు బయటికి కనిపిస్తోందా, అక్కడ తప్పు జరిగితే నిలదీయడానికి ఎవరైనా దొరుకుతారా అన్నదే భద్రతకు కొలత కావాలి.

దీనికి గణితంలోనూ ఆధారం ఉంది. లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ 1982లో ప్రచురించిన 'బైజాంటైన్ జనరల్స్' పరిశోధన పత్రం ఈ రంగానికి పునాది. సంతకాల వంటి రక్షణ లేని సందేశాలతో ఒక సమూహం ఒక్క మాట మీదికి రావాలంటే, అందులో ద్రోహులు మూడో వంతు కన్నా తక్కువ ఉండాలని అది నిరూపించింది. నేటి చాలా చైన్ల లెక్కలు ఆ హద్దు చుట్టూనే తిరుగుతాయి. ఈథీరియంలో ఒక బ్లాకు ఇక వెనక్కి పోదని ఖాయం కావాలంటే వాలిడేటర్లు హామీగా పందెం కట్టిన ఈథర్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. కానీ ఈ లెక్కల్లో తలలను లెక్కపెట్టేటప్పుడు ఒక్కో తల విడిగా చెడుతుందనే అనుకుంటాం. అందరూ ఒకే కంపెనీ క్లౌడ్‌లో, ఒకే సాఫ్ట్‌వేర్‌తో, ఒకే యజమాని జీతం మీద పనిచేస్తుంటే అందరూ ఒకేసారి చెడతారు. అప్పుడు సిద్ధాంతం తప్పుకాదు, మనం వేసిన లెక్కే తప్పు.

మరి ఎవరైనా చెవులను ఒకే చోట ఎందుకు పోగేస్తారు? సౌకర్యం కోసం. బిట్‌కాయిన్ సెకనుకు ఏడు లావాదేవీలకు అటూఇటూగా మోస్తుంది, ఒక్కో బ్లాకుకు సగటున పది నిమిషాలు. 2025 ఆగస్టులో మన యూపీఐ ఆ ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది, అంటే సగటున సెకనుకు ఏడు వేలకు పైనే. యూపీఐ మధ్యలో దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఉంది, పైన రిజర్వు బ్యాంకు ఉంది. కేంద్రీకృతమైనా జనం నమ్ముతున్నారు, ఎందుకంటే డబ్బు ఇరుక్కుంటే ఎవరిని అడగాలో తెలుసు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో యూపీఐ పలుమార్లు మొరాయించినప్పుడు దేశమంతా ఒకేసారి ఆగిందన్నదీ నిజమే. వేగం, భద్రత, వికేంద్రీకరణ మూడూ ఒకేసారి పూర్తిగా దక్కవని ఈథీరియం స్థాపకుల్లో ఒకరైన విటాలిక్ బుటేరిన్ చెబుతూ వచ్చింది ఈ చిక్కు గురించే. చాలా కొత్త చైన్లు వేగం కోసం వాలిడేటర్లను తగ్గించుకుని, ప్రకటనల్లో మాత్రం మూడూ ఉన్నాయని చెప్పుకొంటాయి.

పాతవాటికీ ఈ జబ్బు తప్పలేదు. 2014 జూన్‌లో, బ్లాకులు తయారుచేసే మైనర్లు జట్టుగా చేరిన జీహాష్ అనే మైనింగ్ పూల్ చేతికి బిట్‌కాయిన్ గణనశక్తిలో సగానికి పైగా కొద్దిసేపు వచ్చింది. మైనర్లు గగ్గోలు పెట్టి బయటికి నడిస్తే, 40 శాతం దాటనివ్వమని ఆ పూల్ హామీ ఇచ్చింది. ఆనాడు నెట్‌వర్క్‌ను కాపాడింది కోడ్ కాదు, మనుషుల భయం. ఈథీరియంలో లీడో అనే ఒక్క సేవే ఒక దశలో పందెం సొమ్ములో మూడో వంతుకు దగ్గరగా చేరింది. ఈథీరియం పాత చైన్ అయిన, గణనశక్తి తక్కువగా ఉన్న ఈథీరియం క్లాసిక్‌పై 2020 ఆగస్టులో ఒక్క నెలలోనే మూడుసార్లు 51 శాతం దాడులు, అంటే సగానికి పైగా గణనశక్తితో పద్దులు తిరగరాసే దాడులు, జరిగాయి. అంత శక్తిని దాడిచేసేవాళ్లు అద్దెకు తెచ్చుకోగలిగారు.

భారతీయులకు దగ్గరగా తగిలిన దెబ్బ 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిపై పడింది. పోయింది దాదాపు రూ.2,000 కోట్ల విలువైన క్రిప్టో. ఆ వాలెట్‌కు ఆరుగురు సంతకందారులు, ఐదుగురు వజీర్‌ఎక్స్ మనుషులు, ఒకరు భద్రత చూసే లిమినల్ అనే సంస్థ. కంపెనీ వాళ్లు ముగ్గురు, లిమినల్ ఒకరు సంతకం చేస్తేనే సొమ్ము కదులుతుంది. సంతకాలన్నీ పడ్డాయి. తమకు తెరమీద కనిపించింది ఒక లావాదేవీ అయితే, తాము నిజంగా సంతకం పెట్టింది మరొకదానికని వజీర్‌ఎక్స్ చెప్పింది. లోపం తమ వైపు లేదని లిమినల్ అంది. ఎవరిది నిజమైనా, ఖాతాదారులకు మిగిలింది ఎదురుచూపే. వ్యవహారం సింగపూర్ హైకోర్టులో పునర్వ్యవస్థీకరణకు వెళ్లింది, ఎక్స్ఛేంజి మళ్లీ తెరుచుకున్నది 2025 అక్టోబరులో. ఎవరినీ నమ్మక్కర్లేదన్న వ్యవస్థలో డబ్బు పెట్టినవారు చివరికి వేరే దేశపు జడ్జి ఉత్తర్వు కోసం ఏడాదికి పైగా కాచుకుని కూర్చున్నారు.

ఇదే మోసం ఇంకా పెద్ద ఎత్తున 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజిలో జరిగింది. సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. ఈసారి వాలెట్ సాఫ్ట్‌వేర్ అందించే సేఫ్ సంస్థలో ఒక డెవలపర్ కంప్యూటర్‌ను పట్టుకుని, వెబ్ పేజీలో నడిచే కోడ్‌ను మార్చారు. సంతకం పెట్టినవారికి తెరమీద మామూలు బదిలీ కనిపించింది. వారు ఆమోదించింది మాత్రం వాలెట్ పగ్గాలను పరాయివాడి చేతికి అప్పగించే ఆదేశం. చైన్ అంతా సవ్యంగా పనిచేసింది. చైన్‌కూ మనిషి కంటికీ మధ్య ఉన్న ఒక్క వెబ్ పేజీ అబద్ధం చెప్పింది. బ్లాక్‌చైన్ భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ అడుగు దూరాన్ని మరిచిపోవడమే నాకు విచిత్రంగా తోస్తుంది.

అత్యవసరం వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్నది ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న. 2010 ఆగస్టు 15న బిట్‌కాయిన్ కోడ్‌లోని ఒక కూడిక లోపంతో 18,400 కోట్లకు పైగా నాణేలు పుట్టుకొచ్చాయి. మొత్తం ఉండాల్సినవే 2.1 కోట్లు. బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో, మరికొందరు కొన్ని గంటల్లో సవరణ విడుదల చేశారు, ఆ లావాదేవీ ఉన్న శాఖను అందరూ వదిలేశారు. 2013 మార్చిలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ పాతదానితో పొసగక చైన్ రెండుగా చీలింది. డెవలపర్లు పెద్ద పూళ్ల నిర్వాహకులతో ఆన్‌లైన్ చాట్‌లో మాట్లాడి, పాత వెర్షన్‌కు తిరిగి రమ్మని ఒప్పించారు. 2016 జూన్‌లో 'ది డావో' అనే నిధి నుంచి 36 లక్షల ఈథర్ కాజేసినప్పుడు, జులై 20న ఈథీరియం చరిత్రనే పక్కదారి పట్టించి సొమ్మును వెనక్కి తెచ్చారు. రాసింది చెరపకూడదన్నవారు పాత చైన్‌లోనే ఉండిపోయారు, అదే ఈథీరియం క్లాసిక్. 2022 అక్టోబరులో బీఎన్‌బీ చైన్ వంతెనపై దాడి జరిగితే, గుప్పెడు వాలిడేటర్లకు కబురుపెట్టి చైన్‌ను ఏకంగా నిలిపేశారు. నిలపగలిగారు కాబట్టే నష్టం తగ్గింది.

ఈ నాలుగింటిలోనూ కాపాడింది కొద్దిమంది మనుషుల చొరవే. నా దృష్టిలో అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. కోట్లమంది సొమ్ము మీద నడిచే ఏ యంత్రానికైనా ఆపే మీట ఒకటి ఉండాలి. అభ్యంతరమల్లా ఆ మీట ఎవరి దగ్గరుందో ప్రమాదం జరిగాకే బయటపడటం. ఎంతమంది కలిస్తే ఆపవచ్చు, ఎంతసేపు ఆపవచ్చు, ఆపినవారు ఎవరికి లెక్క చెప్పాలి అన్నవి ముందే రాసిపెడితే అది పాలన. రాయకుండా ఉంచితే చాటుమాటు పెత్తనం. 'కోడే చట్టం' అన్నవాళ్లు సైతం తమ డబ్బు పోయిన రోజున డెవలపర్ల గుమ్మం ముందే నిలబడ్డారని 'ది డావో' కథ చెబుతుంది.

ఇదంతా క్రిప్టో వ్యాపారుల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటు. మీ ఫోన్‌కు బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్ తెరిచి పంపినవారి పేరు చూడండి. చివర ఒక గీత, తర్వాత ఎస్, టి, పి, జి అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. వాణిజ్య సందేశాలను అదుపు చేయడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, సంస్థలు తమ పేరును, సందేశాల నమూనాలను టెలికాం కంపెనీలు నడిపే బ్లాక్‌చైన్ వేదికల్లో నమోదు చేయాలి. వ్యాపారులు 'డీఎల్‌టీ రిజిస్ట్రేషన్' అనేది దీన్నే. 2021 మార్చి 8న నమూనాతో సరిపోలని సందేశాలను ఆపేయడం మొదలుపెట్టగానే దేశమంతటా ఓటీపీలు ఆగిపోయాయి. బ్యాంకు లావాదేవీలు, కొవిడ్ టీకాల కోసం కొవిన్ రిజిస్ట్రేషన్లు ఇరుక్కున్నాయి. మర్నాడే ట్రాయ్ ఆ నిబంధనను వారం రోజులు పక్కన పెట్టింది. ఇక్కడ మేలైన సంగతి ఏమిటంటే, ఆపే అధికారం ఎవరిదో అందరికీ తెలుసు, వారు వెంటనే ఆపారు. చేదు సంగతి మరొకటి ఉంది. పది అంకెల మామూలు నంబర్ల నుంచి వచ్చే మోసపు సందేశాలు ఆ చైన్ గుమ్మం తొక్కవు.

భూమి రికార్డుల దగ్గరకు వస్తే ఆశ ఎక్కువ, జాగ్రత్త తక్కువ. స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో కలిసి ఆంధ్రప్రదేశ్ 2017లోనే భూరికార్డుల బ్లాక్‌చైన్ ప్రయోగాన్ని ప్రకటించింది. 2024 సెప్టెంబరులో కేంద్రం 'విశ్వస్య' పేరిట జాతీయ బ్లాక్‌చైన్ వేదికను ప్రారంభించింది. ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీకి భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలో ఉన్న డేటా కేంద్రాల్లో అది నడుస్తుంది. వరదో కరెంటు కోతో ఒక ఊళ్లో కేంద్రాన్ని ముంచితే మిగతా రెండూ నిలబెడతాయి, ఆ మేరకు ఉపయోగమే. కానీ మూడూ ఒకే ప్రభుత్వ సంస్థవి. రికార్డు మార్చమని పై నుంచి మాట వస్తే మూడూ ఒకేలా తలాడిస్తాయి.

ఇలాంటి వ్యవస్థల్లో సాధారణంగా దస్తావేజు ప్రభుత్వ శాఖ సర్వర్‌లోనే ఉంటుంది, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ మాత్రమే చైన్ మీదికి ఎక్కుతుంది. సర్వర్‌లో రెండెకరాల పది గుంటలను రెండెకరాలుగా ఎవరైనా దిద్దితే, హ్యాష్ సరిపోలక దొంగతనం బయటపడాలి. బయటపడాలంటే పాత హ్యాష్ శాఖకు సంబంధం లేని మరొకరి దగ్గర ఉండాలి. అందరి దగ్గరా ఉన్నది ఒకే శాఖ కాపీ అయితే రెంటినీ కలిపి దిద్దవచ్చు, పోల్చి చూసేవారు ఉండరు. పంట రుణాలిచ్చే బ్యాంకులకు రికార్డు మారకుండా చూసుకోవడం సొంత అవసరం. హైకోర్టుకు శాఖతో మొహమాటం లేదు. ఒక్కో నోడ్ వీరి చేతిలో పెడితే ఖర్చు పెరుగుతుంది, పేచీలూ పెరుగుతాయి. ఆ పేచీలే కావలసినవి. రైతు చేతిలోని పాసుపుస్తకం మీద ఆ హ్యాష్‌ను క్యూఆర్ కోడ్‌గా ముద్రించినా ఒక కాపీ శాఖ గుప్పిట దాటినట్టే.

అయితే చైన్ ఎక్కక ముందే తప్పు జరిగి ఉంటే? మన దగ్గర చాలా భూతగాదాలు అక్కడే పుడతాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు, ఒకే భూమికి రెండు రిజిస్ట్రేషన్లు, పొరపాటున 22-ఏ నిషేధిత జాబితాలోకి చేరిన పట్టా భూములు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప హక్కుకు పూచీ ఇవ్వదు. చెరపడానికి వీల్లేని పుస్తకంలో తప్పుడు విస్తీర్ణం రాస్తే ఆ తప్పుకే కోట కట్టినట్టు. 2020 అక్టోబరులో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి మీద తెలంగాణ రైతులు మండిపడింది టెక్నాలజీ మీద కోపంతో కాదు. తప్పు దొర్లితే దిద్దే అధికారం తహసీల్దారు దగ్గర లేకుండా పోయి, కలెక్టరేట్ చుట్టూనో సివిల్ కోర్టు చుట్టూనో తిరగాల్సి వచ్చినందుకు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు దారిని మళ్లీ తెరవాల్సి వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమాచారాన్ని సరిదిద్దమని అడిగే హక్కును పౌరుడి కోసం రాసిపెట్టింది. చైన్‌లో పాత పద్దును అలాగే ఉంచి, దాని మీద సవరణ పద్దును, ఉత్తర్వు ఇచ్చిన అధికారి సంతకంతో చేర్చడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. ఆ సంతకం ఎవరిదో తేల్చడమే కష్టం, అది రెవెన్యూ శాఖ పని, ప్రోగ్రామర్ది కాదు.

తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్‌ల కోసం తెచ్చిన టీ-చిట్స్ ఈ విషయంలో కొంత నయం. పాట ఎంతకు పోయింది, ఎవరు పాడుకున్నారు, డివిడెండు ఎంత అన్నవి చీటీ నడిపే ఫోర్‌మన్ మినిట్స్ పుస్తకంలోనే ఉండిపోకుండా చైన్ మీదికి వస్తాయి. కానీ ఫోర్‌మన్ పారిపోతే సభ్యుడికి అక్కరకొచ్చేది 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం అతను ముందుగా కట్టిన పూచీకత్తే. రికార్డు సాక్ష్యం ఇస్తుంది, పూచీకత్తు డబ్బు ఇస్తుంది. వీధుల్లో రిజిస్ట్రేషన్ లేకుండా నడిచే చీటీలకు ఈ రెండూ లేవు.

రోనిన్‌లో డబ్బు పోయాక ఆటగాళ్లకు తిరిగి ఇవ్వడానికి స్కై మేవిస్ 15 కోట్ల డాలర్ల పెట్టుబడి సేకరించింది. దాన్ని ముందుండి నడిపింది బైనాన్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి. అంటే ఒక కంపెనీ పరువు, మరో కంపెనీ జేబు అక్కడి ఖాతాదారులను గట్టెక్కించాయి. ప్రభుత్వ శాఖలు చైన్ ఎక్కినప్పుడు ఆ పూచీ ఎవరిది? విశ్వస్య మీదికి భూరికార్డులను తరలించాలని ఏ రాష్ట్రమైనా అనుకుంటే, ఆ మూడు కేంద్రాలకు తోడు నాలుగోది ఎన్ఐసీకి బయట ఎవరి చేతిలో ఉంటుందో, సవరణ పద్దు మీద ఏ హోదా అధికారి ఎన్ని రోజుల్లో సంతకం చేయాలో, చేయకపోతే రైతు ఎక్కడ అప్పీలు చేసుకోవాలో ముందే జీవోలో రాయాలి. టెండరు పిలవడం ఆ తర్వాతి పని.